నీడకి కొన్న టికెట్

నెలాఖరు వచ్చిందంటే లిఫ్టు మెకానిక్ లాడ్జి మంచం నిండా బస్సు టికెట్లు పరుచుకునేవాడు. కాంట్రాక్టు మనిషి. ఇవాళ ఒక ఊరు, ఎల్లుండి ఇంకో ఊరు, లిఫ్టు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి పరుగు. టికెట్లన్నీ తేదీల వారీగా తెల్లకాగితానికి అంటించి సొంతూళ్లో ఉన్న ఆఫీసుకి పంపేవాడు. అక్కడ బిల్లుల మేడమ్ ఎర్రపెన్నుతో సగానికి సగం కొట్టేసేది.

కొట్టేసేవన్నీ అతని నీడ టికెట్లే. తిరిగి తిరిగి అలిసిపోయి, రెండేళ్లుగా ఆ నీడ వెనకబడుతోంది. అతను పొద్దుటి బస్సుకి వెళితే అది మధ్యాహ్నం బస్సుకి దిగేది. కండక్టర్లు ఊరుకుంటారా? సీట్లో కూర్చుంది కదా అని దానికీ టికెట్ కొట్టేవాళ్లు.

"మనిషికి ఒక్క టికెట్టేనయ్యా. నీ నీడని కాస్త పెందలాడే లేవమను," అనేది మేడమ్ ఫోన్లో.

"చెప్పి చూశాను మేడమ్. దానికి ఒళ్లు వంగడం లేదు."

ఇంటి దగ్గర భార్య, ఎనిమిదేళ్ల కూతురు. భార్యది గుండెజబ్బు. ఆ వానాకాలం ఆమె మంచం పట్టింది. మరదలు వచ్చి చూసుకుంటోంది.

అతను దూరపు ఊళ్లో ఆసుపత్రి లిఫ్టు విప్పి ముందేసుకుని ఉండగా మరదలు ఫోన్ చేసింది.

"బావా, డాక్టరు పెదవి విరిచాడు. అక్క నిన్నే అడుగుతోంది. ఉన్నపళంగా బయల్దేరు."

అవతల రోగుల్ని స్ట్రెచర్ల మీద మెట్లెక్కిస్తున్నారు. "ఇది తిరిగేదాకా కదలడానికి లేదు. వెళ్లావంటే మళ్లీ రానక్కర్లేదు," అన్నాడు సూపర్‌వైజరు. ఉద్యోగం పోతే భార్య మందులూ పోయినట్టే.

అతను నీడని బస్టాండుకి తీసుకెళ్లి, టికెట్ కొని, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. "నువ్వన్నా వెళ్లు," అన్నాడు. ఎప్పుడూ అతని వెనకే నడిచిన నీడ ఆ రోజు ముందు వెళ్లింది.

లిఫ్టు బాగుచేసి, మర్నాడు సాయంత్రానికి అతను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలో మరదలు అతని భుజం పట్టుకుంది.

"గోడ మీద నీ నీడ చెయ్యి పట్టుకునే పోయింది బావా. 'వచ్చావా' అంది. అంతే, కళ్లు మూసింది."

"నేను రాలేదే," అన్నాడతను.

"అక్కకి నువ్వు వచ్చినట్టే."

"మరి నాకో?" అని అక్కడే కూలబడిపోయాడు.

నీడ ఆ గోడ నుంచి మళ్లీ కదల్లేదు. ఎవరూ దాన్ని కదపాలనీ చూడలేదు. నెల తిరక్కుండానే ఇంకో ఊరికి రమ్మని కబురొచ్చింది. భుజాన బ్యాగుతో, దారిలో బిల్లు ఇచ్చిపోదామని అతను ఆఫీసుకి వెళ్లాడు. మేడమ్ కాగితం అటూ ఇటూ తిప్పింది.

"నీడకి వెళ్లే టికెట్టే ఉంది. తిరుగు టికెట్ ఏదయ్యా?"

"తిరిగి రాలేదు మేడమ్. మా ఆవిడ మంచం పక్కన గోడ మీదే ఉండిపోయింది."

ఆమె ఎర్రపెన్ను పక్కన పెట్టేసింది. బిల్లు మీద సంతకం చేసింది.

"మరి నువ్వెందుకు బయల్దేరావయ్యా?" అంది.

అతను భుజాన ఉన్న బ్యాగు కిందికి దించాడు. మేడమ్ ఇంకో కాగితం తీసి తనే రాసింది: ఈ మనిషి ఇక బయటి ఊళ్లకి వెళ్లడు, మార్కెట్ భవనం లిఫ్టు ఇతనికి అప్పగించాలి. "జీతం తక్కువ. ఊళ్లోనే పని," అంటూ అతని చేతిలో పెట్టింది.

అతను ఇంటికొచ్చేసరికి కూతురు బడి నుంచి అప్పుడే వచ్చింది. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల కంట తడి పెట్టలేదు. గుమ్మంలో బ్యాగు చూసి, "ఏ ఊరు నాన్నా?" అంది.

"ఏ ఊరూ లేదు తల్లీ. ఇక నీ దగ్గరే."

ఆ పిల్ల నమ్మలేదు. బ్యాగు లోపలికి లాక్కెళ్లి, ఒక్కొక్క చొక్కా తీసి అలమరలో పెట్టసాగింది. బ్యాగు ఖాళీ అయ్యేదాకా చూసింది. అప్పుడు, అన్నాళ్లకి మొదటిసారి, "అమ్మా" అంటూ బావురుమంది.