గుంతలోంచి ఆకాశం

సైదమ్మకు ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. మొగుడు మారయ్య పోయిన రెండో రోజది. హుజూర్‌నగర్ నుంచి కూతురు బిక్షమ్మ వచ్చేదాకా శవాన్ని ఆపారు. ఆమె మధ్యాహ్నానికి బస్సు దిగింది. ఇక మట్టి చేయడమే తరువాయి అనుకుంటుంటే, సగం తవ్విన గుంత దగ్గర పని ఆపించారని, తవ్వడానికి వెళ్లిన ఫక్రుద్దీన్ పరుగెత్తుకొచ్చి చెప్పాడు.

ఎనభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి నెల. ఆ రోజే సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి పట్నం నుంచి పెద్ద చదువులవాళ్లు వచ్చి, చిట్యాల పక్కనున్న సైదమ్మ వాళ్ల ఊరి మిట్ట మీద డేరాలు వేసి దుర్భిణీలు నిలబెట్టారు. ఆ మిట్ట వాలులోనే సైదమ్మ వాడ జనాన్ని పూడ్చే బొందలగడ్డ. డేరాలు వేసేటప్పుడు వాడలో ఎవరినీ అడగలేదు. అడగడానికి అక్కడ మనుషులెవరున్నారని!

మారయ్య ఊరందరికీ గుంతలు తవ్వేవాడు. ఎవరింట్లో ఎవరు పోయినా గడ్డపార భుజాన వేసుకుని వెళ్లేవాడు. తవ్వడం అయ్యాక ఒక పని మాత్రం తప్పకుండా చేసేవాడు. గుంతలో తానే వెల్లకిలా పడుకుని చూసుకునేవాడు. పోయినవాళ్లు తనకంటే పొడుగైతే తల దగ్గర ఇంకాస్త తవ్వేవాడు. "పోయినోళ్లు ఇరుకైతాందని జెప్పలేరు గద" అనేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వేవారు.

మొన్న సాయంత్రం డేరాల దగ్గర ఒక పెద్దసారు ఊరివాళ్లను కూర్చోబెట్టి, ఇసుక రేణువొకటి వేలి కొసన పెట్టి చూపించాడు. ఈ విశ్వంలో మన భూమి ఇంత కూడా కాదన్నాడు. "ఇక మనిషెంత? అసలు లెక్కలోకే రాడు" అన్నాడు. మారయ్య ఇంటికొచ్చి గంజి తాగుతూ ఒకటే నవ్వు.

"నేను గుంతల పండుకొని జూస్త గదనే. ఆకాశం గా మనిషికి సరిపడంతే కనబడ్తది. ఎక్కువుండది, తక్కువుండది. సారు ఎన్నడన్న పండుకొని జూసిండా?"

తెల్లారేసరికి ఆ మనిషి లేవలేదు.

సైదమ్మ మిట్టెక్కేసరికి ఆ పెద్దసారే ఎదురొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆమెకు అదే మరీ మండింది.

"అమ్మా, తవ్వితే దుమ్ము లేస్తుంది. మా అద్దాల మీద పడితే ఇన్నేళ్ల శ్రమ వృథా అవుతుంది. ఇలాంటి గ్రహణం మన జన్మలో మళ్లీ ఇక్కడికి రాదు. రేపు చేసుకోండి."

రేపట! పొద్దుటి నుంచే ఇంటి దగ్గర శవం మీద ఈగలు ముసురుతున్నాయి. పైగా మరిది ఎల్లస్వామి కూడా వెనక నుంచి నసిగాడు.

"వదినె, గ్రహణం పట్టంగ మట్టి ముట్టొద్దు. ఇడిసినంక జూద్దాం."

అనేసి, శవాన్ని మోయడానికి వచ్చిన నలుగురినీ వెంటబెట్టుకుని ఇంటిదారి పట్టాడు. బతికినన్నాళ్లూ ఊరి శవాలకు చోటు చేసిపెట్టిన మనిషికి, చచ్చాక చోటు కరువైంది. ఒకరికి అద్దాలు అడ్డం, ఒకరికి గ్రహణం అడ్డం. సైదమ్మ ఒళ్లు మండిపోయింది. కొంగు నడుముకు బిగించి, ఫక్రుద్దీన్ చేతిలోని గడ్డపార లాక్కుని గుంతలోకి దిగింది.

"ఆగక్కా, నేను దవ్వుత. మా అబ్బాకు గుంత దవ్వింది మారన్ననే," అంటూ అతనూ పార పట్టుకుని దిగాడు.

దుమ్ము లేచింది. పెద్దసారు కేకలేసుకుంటూ వచ్చాడు. "చెప్తే వినరేం! ఆపండి!"

సైదమ్మ గడ్డపార నేలలో పొడిచి నిలబడింది.

"మొన్న నువ్వే జెప్పినవ్ గద సారూ, మనిషి లెక్కల రాడని. లెక్కల రానోని గుంత నీ సూర్యునికెట్ల అడ్డమొచ్చింది? గంత పెద్ద ఆకాశమున్నది గద నీకు. మా ఆయన పండే గీ జాగ గూడ గావాల్నా?"

ఆయన ఏదో అనబోయాడు. "సార్, పూర్తిగా మూసుకుంటోంది, రండి!" అని డేరా దగ్గర ఎవరో అరిచారు. ఆయన గుంత వైపు ఒకసారి, పైకి ఒకసారి చూసి, దుర్భిణీ దగ్గరికే పరుగెత్తాడు.

వెలుగు పలచబడింది. ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి. మిట్ట మీది వాళ్లంతా పైకే చూస్తున్నారు. కింద ఈ ఇద్దరినీ చూసేవాళ్లు లేరు. తవ్వకం ముగించి, ఫక్రుద్దీన్‌ను పైకెక్కమని, సైదమ్మ వెల్లకిలా పడుకుంది. నాలుగు మట్టిగోడల మధ్య నల్లబడ్డ ఆకాశం మనిషంతే ఉంది. అందులో పట్టపగలు ఒక చుక్క. మొగుడు చెప్పింది నిజమే. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు.

పైన డేరాల్లో చప్పట్లు మోగాయి. సైదమ్మ ముక్కు చీదుకుని లేచి కూర్చుంది.

"సరిపోయింది ఫక్రూ. ఎల్లస్వామిని వాళ్లన్నను తెమ్మను. గ్రహణమని నసిగిండంటే, నేనే మోసుకొస్తనని జెప్పు."