నిద్ర బాకీ

తోపుడుబండి యూనివర్సిటీ ఎత్తురోడ్డు సగం ఎక్కేసరికి పరుపులాయనకి ఊపిరి అందలేదు. చక్రానికి రాయి అడ్డం పెట్టి నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడిపోతోంది. గేటు దగ్గర అప్పటికే ఒక రగడ అయింది. సామాన్ల బళ్ళు వెనక గేటునుంచి రావాలని వాచ్‌మన్, ఇది సామాన్ల బండి కాదు కూతురి బండి అని ఈయన. చివరికి వాచ్‌మనే నవ్వేసి వదిలాడు.

"ఆనర్స్ పిల్ల తండ్రివా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ! ఇంతకీ బండెందుకు పెద్దాయనా?"

"గది మారుస్తున్నారు తమ్ముడూ. బాగా చదివేవాళ్ళకి పెద్ద గదులిస్తారు కదా. పరుపు మోసుకెళ్ళాలి. అది నేను కుట్టిన పరుపు, ఎవరిచేతిలో పడితే వాళ్ళచేతిలో పెడతానా?"

పెద్ద గది సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. పొద్దున పక్కింటివాళ్ళ ఫోనుకి కూతురు ఫోన్ చేసి, "బండి తీసుకుని రా నాన్నా, గది ఖాళీ చెయ్యాలి," అంది. అంతే. మిగతాదంతా ఆయనే కలిపి కుట్టుకున్నాడు. సంతోషాన్ని కుట్టుకోవడంలో మాత్రం ఆయనకి కళ్ళతో పనిలేదు.

ఆనర్స్ అంటే ఏమిటో కూడా ఆయనకి తెలియదు. అంత పెద్ద యూనివర్సిటీలో ముప్ఫైమందిని ఏరి విడిగా పెట్టారనీ, ఆ ముప్ఫైమందిలో తన కూతురొకతె అనీ, వాళ్ళకి ఫీజు లేదనీ తెలుసు. చాలదా? ఆ మూడు ముక్కలూ వీధిలో చెవి అప్పగించినవాళ్ళందరికీ చెప్పాడు. అప్పగించనివాళ్ళకి ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

ఆనర్స్ భవనం మెట్లు ఎక్కి, తడుముకుంటూ తడుముకుంటూ రెండో అంతస్తు చేరాడు. కూతురు పుస్తకాలు పాత చీరలో మూటగట్టి, కిటికీ పక్కన నిలబడి ఉంది. ఐదేళ్ళ వయసు నుంచీ తండ్రికి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది ఆ పిల్లే. అందుకని ఇంట్లో ఆమె దారాలు. అసలు పేరు ఈ గది తలుపు మీద అట్టముక్కపై ఉండేది. పొద్దునే ఎవరో వచ్చి దాన్ని పీకేశారు. జిగురు మరక మిగిలింది. తండ్రికి ఆ మరక కనబడలేదు.

"అబ్బో, ఈ కిటికీ ఒక్కటీ మనింటంత ఉందే! కొత్త గదికి రెండుంటాయేమో."

దారాలు పరుపు చుట్టడానికి వంగింది. ఆయనా వంగాడు. మంచి దూది, ఏ కల్తీ లేనిది, షాపు పరుపుల్లో మిగిలిన పోగులు ఏడాదిపాటు పోగేసి కుట్టిన పరుపు అది. దాన్ని చుట్టేముందు అలవాటు కొద్దీ అరచెయ్యి పరిచి నడుమ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆయన మొహంలో నవ్వు కొంచెం తగ్గింది.

"ఏమే దారాలూ, నేలమీద పడుకుంటున్నావా? ఇది కుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మనిషి పడుకున్న పరుపు కాదిది."

"పద నాన్నా. కింద చెప్తాను."

ఏం చెబుతుంది? చెప్పదలిస్తే మూడు నెలల కిందటే చెప్పేది.

ఆ భవనం గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, కలిసి చదవడమే కాదు, కలిసి బతకడమూ చదువే అని. రాసినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. కలిసి బతకడానికి కూడా తీరిక కావాలన్న సంగతి పాపం వాళ్ళకి తట్టలేదు. రాత్రి భోజనాలయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుని చర్చ చెయ్యాలి. సమాజం గురించి, పేదరికం గురించి కూడా చర్చించేవారు. ఆ తర్వాత హాజరు. హాజరు తప్పితే మొదట మాట, తర్వాత హెచ్చరిక, ఆపైన గది ఖాళీ. గది పోతే ఆనర్స్ పోతుంది. ఆనర్స్ పోతే ఫీజు మాఫీ పోతుంది. ఫీజు కట్టాలంటే ఈయన ఎన్ని పరుపులు కుట్టాలో లెక్క వేసుకోవడం కూడా దండగే. షాపులో ఒక పరుపు అమ్మిన ధరలో పదోవంతు కూడా కుట్టినవాడికి రాదు.

ఇక పరుపులాయన లోకం వేరు. షాపువాడు సాయంత్రం గుడ్డ ఇచ్చి, తెల్లారేసరికి పరుపులు కావాలంటాడు. దూది దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఆయన భార్య పని గది గడప తొక్కకూడదన్నాడు డాక్టరు. ఈయన కళ్ళకి పొరలు కమ్ముకొచ్చాయి. దూది కూరడం చేతులతో అయిపోతుంది. అంచు కుట్టడానికి కళ్ళు కావాలి. అంచు వంకర పోయిందంటే షాపువాడు పరుపు మొహాన కొట్టి, ఇంకొకడికి గుడ్డ ఇస్తాడు. అందుకని వారంలో నాలుగు రాత్రులు, ఒక్కోసారి ఐదు, కూతుర్ని పిలిచేవాడు. ఆమె చీకటిపడ్డాక వచ్చి, అంచులన్నీ కుట్టి, దూదిలోనే కాసేపు ఒరిగి, తెల్లారకముందే హాస్టలుకి పరిగెత్తేది. మిగతా రాత్రులు వెనకబడ్డ పాఠాలు చదువుతూ బల్ల మీదే తల వాల్చేది.

పిలవడంలో ఆయనకి తప్పేమీ కనబడలేదు. చదువు పగటిపూట కదా! హాస్టలంటే రాత్రి పడుకునే చోటు. పడుకోవడం ఎక్కడైతేనేం? ఇక్కడ పడుకుంటే చదువు అక్కడ తగ్గిపోతుందా? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఊరందరి నిద్ర కోసం పరుపులు కుట్టినవాడు, నిద్రకి హాజరుంటుందని మాత్రం ఎన్నడూ వినలేదు.

ఆ పిల్లా చెప్పలేదు. చెబితే ఆయన పిలవడం మానేస్తాడు. మానేసి తనే కుడతాడు, అంచులు వంకర పోతాయి, పని పోతుంది, అమ్మ మందులు పోతాయి. హాజరు గురించి పిలిచిన కమిటీలో ప్రొఫెసర్లు అడిగినప్పుడు, "ఇంట్లో పనుందండీ," అని ఊరుకుంది. అందరికీ ఇళ్ళున్నాయన్నారు వాళ్ళు. నాన్నకి కళ్ళు కనబడవని, షాపువాడికి కూడా తెలియని ఆ సంగతి, ఎలా చెబుతుంది? ఈ భవనం గెస్టు గదులకి పరుపులు వచ్చేది ఆ షాపు నుంచే. ఈ గోడలో పడ్డ మాట ఆ గల్లాపెట్టె దగ్గర తేలడానికి ఎంతసేపు? ముందు నుయ్యి వెనక గొయ్యి. టర్ము గడిచిపోతే చాలనుకుంది. గడవలేదు.

పరుపు దింపుతుంటే మెట్ల కమ్మీకున్న మేకు తగిలి ఒక మూల చిరిగింది. "అయ్యయ్యో," అన్నాడాయన, పిల్లకి దెబ్బ తగిలినంతగా. కింద వరండాలో వార్డెనమ్మ నిలబడి ఉంది. పరుపు చుట్టని గోడకి ఆనించి ఆయన నమస్కారం పెట్టాడు.

"తాళం ఇచ్చి వెళ్ళమ్మా. కొత్తమ్మాయి ఇంకాసేపట్లో వచ్చేస్తోంది," అంది వార్డెనమ్మ దారాలుతో.

"మరి మా పిల్ల కొత్త గది తాళమో అమ్మగారూ?"

వార్డెనమ్మ ఆయన్నీ, పిల్లనీ మార్చి మార్చి చూసింది. "మీకు చెప్పలేదా? కొత్త గదేమిటండీ! మీ అమ్మాయిని ఆనర్స్ నుంచి తీసేశారు."

"తీసేశారా? ఫెయిలయిందా?"

"మార్కులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. రాత్రిళ్లు గదిలో ఉండదు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఎక్కడికెళ్తున్నావమ్మా అంటే ఇంటికి అంటుంది. వారంలో నాలుగు రోజులు ఇంటికెందుకు చెప్పండి? తెల్లారుజామున నలిగిన బట్టలతో వచ్చేది. నేనూ ఆడపిల్లల తల్లినే, అంతకన్నా విడమరిచి చెప్పలేను. తండ్రి అన్నాక కొంచెం కనిపెట్టుకుని ఉండాలి."

పరుపులాయనకి ముందు మాట అర్థమైంది. ఆ వెనక ఉన్న మాట కాసేపటికి అర్థమైంది. అర్థమయ్యాక ఆవిడ గొంతు వైపు ఒక అడుగు వేశాడు.

"నాన్నా, వద్దు," అంది దారాలు ఆయన చెయ్యి పట్టుకుని. "ఏమనుకుంటే అనుకోనీ. పద పోదాం. చెప్పకు."

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. చెబితే ఏం పోతుందో ఆ పిల్లకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. అయినా కూతురి మీద ఆ మాట పడ్డాక ఇంక దాచుకోవడానికి ఏముంది?

"నా దగ్గరికే వచ్చిందమ్మా! నాకు కళ్ళు కనబడవు. ఇప్పుడు మీ మొహం కూడా నాకు తెలీదు, గొంతే తెలుస్తోంది. రాత్రంతా నా పరుపులకి అంచులు కుట్టేది. ఆ బట్టలు దూదిలో పడుకుని నలిగిన బట్టలు. నేనే పిలిచాను. ఇక్కడ పడుకోవడం కూడా చదువేనని నాకు తెలీదు. తప్పు నాది, దాన్ని ఉండనివ్వండి. ఇకనుంచి పిలవను. చచ్చినా పిలవను."

వార్డెనమ్మ రాతి మనిషేమీ కాదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ముందే చెప్పుంటే ఏమైనా ఆలోచించేవాళ్ళేమో! ఇప్పుడు కమిటీ అయిపోయింది. సీటు వెయిటింగులో ఉన్న అమ్మాయికి ఇచ్చేశారు. కారణం ఏదైనా నిబంధన నిబంధనే కదండీ. నా చేతుల్లో ఏమీ లేదు."

"ఒక్కసారి మీ పెద్దవాళ్ళతో..."

"లాభం లేదండీ." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అంది. "ఇంతకీ షాపాయనకి తెలుసా మీ కళ్ళ సంగతి? మొన్ననే గెస్టు గదులకి పరుపులు చెప్పాను. కుట్లు అవీ సరిగ్గానే ఉంటాయా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. దారాలు మొహం తిప్పుకుంది. కూతురి పరువు కాపాడాలని ఆయన ఉన్న ఒక్క రహస్యాన్నీ తీసి అక్కడ పెట్టాడు. సీటూ రాలేదు, రహస్యమూ మిగల్లేదు.

పరుపులాయన గోడకి ఆనించిన పరుపుని తీసుకుని, బండి వైపు కాకుండా, వరండాలో అడ్డంగా పరిచాడు. చేత్తో రెండుసార్లు దులిపాడు.

"దారాలూ, పడుకో."

"ఏంటి నాన్నా ఇది? అందరూ చూస్తున్నారు. లే, ఇంటికి పోదాం."

"చూడనీ. పడుకో అన్నానా!"

"ఏమండీ, ఇది దారి! తియ్యండి ముందు," అంది వార్డెనమ్మ.

"అమ్మగారూ, నా పిల్ల ఇక్కడ పడుకోవాల్సిన నిద్రంతా నేను ఎత్తుకుపోయాను. బాకీ నాది. ఇవాళ కాస్త తీర్చి పోతాను. మీరు హాజరు వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానండి."

వార్డెనమ్మ వాచ్‌మన్‌కి కబురు పెట్టింది. దారాలు ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. నిన్న రాత్రి సామాను సర్దుతూ పడుకోలేదు, మొన్న రాత్రి అంచులు కుడుతూ పడుకోలేదు. ముందు పరుపు మీద కూర్చుంది. తర్వాత, ఎవరో తోసినట్టు, పక్కకి ఒరిగిపోయింది. ఆ పరుపు ఆమె కోసమే కుట్టింది. ఇన్ని నెలల్లో దాని మీద ఒళ్ళు మరిచి పడుకోవడం ఇదే మొదలు.

క్లాసులు వదిలారు. పిల్లలు గుంపులుగా వచ్చి, పరుపు చూసి ఆగి, గోడవారగా తప్పుకుని మెట్లెక్కారు. రాత్రి చర్చల్లో పేదరికం గురించి బాగా మాట్లాడే అమ్మాయి ఒకతె దగ్గరికి రాబోయి, వార్డెనమ్మని చూసి ఆగిపోయింది. వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు.

"లేపు వాళ్ళని," అంది వార్డెనమ్మ.

వాచ్‌మన్ వంగి చూశాడు. "నిజంగానే నిద్రపోతోందండీ," అన్నాడు మెల్లిగా. అని, లేపకుండా, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడతాడు? వాడిదీ ఉద్యోగమే. కొత్తమ్మాయి పెట్టెతో వస్తుంది. సాయంత్రానికి షాపుకి మాట వెళ్తుంది. పరుపు లేవక తప్పదు. ఇవన్నీ పరుపులాయనకి తెలుసు.

చిరిగిన మూలలోంచి దూది బయటికి వస్తోంది. చేత్తో తడిమి చూసుకుని, చొక్కా అంచుకి గుచ్చుకున్న సూది తీశాడు. దారం కొస నోట్లో తడిపి బెజ్జం దగ్గర పెట్టాడు. తప్పింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తప్పింది. ఆయన విసుగ్గా నాలుక చప్పరించాడు.

ఆ చప్పుడుకి పిల్ల కదిలింది. కళ్ళు తెరవలేదు. నిద్రలోనే చెయ్యి చాచింది, అరచెయ్యి పైకి పెట్టి, సూది ఇమ్మని. ఇంట్లో దీపం కింద ఎన్నేళ్ళుగానో చాచిన చెయ్యి.

చూపు ఆననివాడికి కూడా ఆ చెయ్యి కనబడింది. ఆయన సూదిని గుప్పిట్లో పెట్టి మూసేశాడు.

"వద్దు," అన్నాడు. "పడుకో తల్లీ."

చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండి, మెల్లగా పరుపు మీదకి వాలింది. ఆయన గుప్పిట విప్పలేదు. చిరుగులోంచి దూది కొద్దికొద్దిగా వరండా అంతా పడుతూనే ఉంది.