రాణి పోయి పావుగంటయింది

ఆ నాటకంలో నాది ఒకే ఒక్క మాట. చివరి రంగంలో చెలికత్తెగా పరిగెత్తుకొచ్చి, "మహారాజా! మహారాణి ఇక లేరు" అనాలి. అది విని రాజు కత్తితో పొడుచుకుంటాడు, తెర పడుతుంది. నేను చెప్పందే ఆయన చావడానికి లేదు.

ఈ సంగతి నాకు తట్టడానికి పదకొండు ఆటలు పట్టింది.

మా పాపకి ఐదో నెల. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక వెంట తెచ్చుకునేదాన్ని. దర్శకుడుగారు ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "పిల్ల ఏడుపు ఒక్కసారి హాల్లోకి వినిపించిందా, నువ్వూ వద్దు, నీ వేషమూ వద్దు."

ఆ రోజు నుంచి పాప ఆవలించినా నా గుండె జారిపోయేది.

రాజుగారు కిరీటం తీసి నేలకేసి కొడితే నేను స్టేజి మీదికి వెళ్లాలి. ఎప్పుడు కొడతారో తెలియదు గనక తెర పక్కనే కాచుకోవాలి, పాలిస్తూ కూర్చోడానికి లేదు. మొదట్లో ఆయన దుఃఖం ఐదు నిమిషాల్లో తెమిలేది. జనం చప్పట్లు కొట్టారు, ఎనిమిదైంది. ఆదివారం మధ్యాహ్నం పదకొండో ఆటకి ఆయన అత్తవారు మొదటి వరసలో కూర్చున్నారు. ఇక అడగాలా? ముందు చంద్రుడితో మాట్లాడారు, తర్వాత కత్తితో, ఆ తర్వాత సొంత చేత్తో.

రాణి వేషం వేసే అక్క పాపని భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చింది.

"ఇంక ఆగదే ఇది. మూతి వంకరలు పోతోంది."

"కిరీటం ఇంకా నెత్తిమీదే ఉందక్కా!"

"నేను విషం తాగి పావుగంటయింది. ఎంతసేపని చావకుండా ఉంటాను? వెళ్లి చెప్పు."

"తిడతారేమో!"

"చచ్చినదాన్ని నేనే చెప్తుంటే నీకేమే? వెళ్లు!"

వెళ్లి మోకాళ్లమీద పడ్డాను. "మహారాజా! మహారాణి ఇక లేరు!" ఏడుపు నటించే పని లేకపోయింది.

రాజుగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పళ్ల బిగువున, "ఇప్పుడే ఏంటి?" అన్నారు.

"లేనే లేరు మహారాజా! ఎప్పుడో పోయారు!"

హాల్లో వెనక వరసలో ఎవరో వెక్కారు. పెళ్లాం పోయిందని తెలిశాక కూడా చేత్తో కబుర్లాడితే ఏం బాగుంటుంది? పాపం, పొడుచుకున్నారు. తెర పడుతుంటే పాప కేరుమంది. చప్పట్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

"నా మాటలు సగం మింగేసింది!" అని రాజుగారు ఎగిరిపడ్డారు.

దర్శకుడుగారు ముక్కు చీదుకున్నారు. "రాణి పోతే రాజుకి బాధేసినట్టు అనిపించింది ఇవాళేనయ్యా. రేపట్నుంచి ఈ అమ్మాయి వచ్చినప్పుడే చావండి."

మర్నాడు ఆటకి ముందు రాజుగారు గిలక్కాయ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పాప కడుపునిండా తాగిందా అమ్మా?"

పాప తాగి, కక్కి, మళ్లీ తాగి, నిద్రపోయింది కూడా.

"ఎక్కడండీ," అన్నాను దిగులుగా, "సగమే."