ముందు మెట్లన్నీ ఎక్కి రమ్మన్నారు

ఆ పొద్దున ఆకాశం దుమ్ముపట్టి, ఉతకని దుప్పటిలా వేలాడుతోంది. ఎండ కనపడలేదు, ఉక్క మాత్రం తగ్గలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. ఫహాహీల్ బడి ఆవరణలో తలదాచుకున్న మా అందరి కళ్లూ ఒక్క బస్సు మీదే. మమ్మల్ని సరిహద్దు దాటించడానికి మన సర్కారు డబ్బుతో పెట్టిన బస్సు అది.

వంటమనిషి సిద్ధమ్మ బస్సులోకి అడుగుపెట్టబోయింది. బస్సులెక్కించే మనవాళ్ల కమిటీ మనిషి ఆమె మూట కిందికి లాగేశాడు. పాస్‌పోర్టు లేనివాళ్లు ఆఖర్న ఎక్కాలన్నాడు. ఆమె పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గరుంది. కఫీల్ సౌదీకి పారిపోయాడు. మిష్రిఫ్‌లో ఆమె వంటచేసిన ఇంట్లో ఇప్పుడు ఇరాక్ సిపాయిలు పడుకుంటున్నారు. ఆమె వెనక్కి పోయే చోటు లేదు. ఆమె వెనకున్న కంపెనీ గుమాస్తాకూ పాస్‌పోర్టు లేదు. అతన్ని ఎక్కించుకున్నారు. మేమంతా చూశాం. పనిమనుషులు, మేస్త్రీలు మిగిలారు. బస్సు పోయింది.

మాతోపాటు మిగిలిన రాయచోటి డ్రైవర్ రసూల్ వెళ్లి కమిటీ పెద్ద వెంకటసత్యనారాయణను నిలదీశాడు. ఆయన గోదావరి వైపు మనిషి, మాట మెత్తన.

"సర్కారు డబ్బుతో నడిచేదాంట్లో తేడా చూపిస్తే కోర్టుకెళ్లొచ్చండీ, ఎవరొద్దన్నారు? కానీ ముందు మీ ఏరియా కమిటీకి చెప్పుకోవాలి. తర్వాత మాకు. ఆ తర్వాత పై ఆఫీసుకి. ఈ మెట్లన్నీ ఎక్కకుండా పోతే జడ్జి వినడండీ."

ఎక్కడానికి బయల్దేరాం. తుపాకులకు చేతులెత్తుకుంటూ మహబూలా దాకా నడిచాం. ఏరియా కమిటీ మనిషి తలుపుకు తాళం. ఆయన కిందటి వారమే ఇండియాకు పోయాడని పక్కగది వాళ్లు చెప్పారు. ఏరియా కమిటీ జవాబు లేనిదే వినలేనన్నాడు వెంకటసత్యనారాయణ. కిందివాళ్లు తేల్చనిదే రావద్దంది పై ఆఫీసు. మేం తిరుగుతుండగానే ఇంకో బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం బడి గోడ నీడన కూర్చున్నాం. బస్సు అద్దాలు పగలగొడదామన్నారు మేస్త్రీలు. ఉన్న కాస్త దారీ మూసుకుంటుందని భయపడ్డారు ఆడవాళ్లు.

"మొదటి మెట్టే బస్సెక్కి పాయె. ఇంగ మనమేం ఎక్కేది?" అన్నాడు రసూల్. నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

సిద్ధమ్మ అంది: "కోర్టు ఇంటికాడుండాది. ఇంటికి పోవాలంటే బస్సెక్కాల. బస్సెక్కాలంటే కోర్టు కావాలంట. ఇది తెగేది గాదు రసూలన్నా. రేపు గేటుకు అడ్డంగా కూటి బంతి ఏద్దాం. కూటికాడ కూర్చున్నోళ్లను లేపే మనిషి మన దేశంలో ఉండాడేమో చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నానికి ఉన్న బియ్యమంతా ఒకే పొయ్యి మీద ఉడికింది. బస్సు నిండగానే గేటు ఈ చివర నుంచి ఆ చివరకు కూర్చున్నాం. ఏ కులమో, ఏ మతమో చూసుకోలేదు. ఖాళీగా ఉన్నచోట కూలబడ్డాం. ముందర అట్టముక్కలు, వాటిమీద అన్నం, నీళ్లచారు. గుంపు కనబడితే కాలుస్తారని అందరికీ తెలుసు. వీధి మలుపులో సిపాయి తుపాకి భుజం మార్చుకున్నాడు.

బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. వెంకటసత్యనారాయణ విసురుగా వచ్చాడు. లేవమనడానికి నోరు తెరిచి, ముద్ద పట్టుకున్న చేతులు చూసి ఆగిపోయాడు.

"మా సీట్లు మాకిచ్చినాకే లేస్తాం, అన్నా" అంది సిద్ధమ్మ.

ఆయన తల దించుకుని నిలబడ్డాడు. కాసేపటికి బస్సు ఇంజన్ ఆగింది. అన్నం కలుపుకున్నాం, మెల్లగా తిన్నాం. సిద్ధమ్మ గిన్నె తీసుకుని మొదటివాడి దగ్గర్నుంచి మారు వడ్డించడం మొదలుపెట్టింది.