రబ్బరు రింగు ఎక్కించే కిటుకు

పార్టులన్నీ ఇంక తమ దేశంలోనే చేసుకుంటామని మా సరుకు కొనే ఫారిన్ కంపెనీవాళ్లు తేల్చేసినారు. కుప్పం ఫ్యాక్టరీలో ఇత్తడి వాల్వులకు రబ్బరు రింగులు ఎక్కించేది మేం నలభై మంది ఆడోళ్లం. ఆ పని అక్కడ మిషను చేస్తాదంట. ఏం చేస్తాది? పదింటిలో ఆరు చించేస్తాంది. అందుకే మా చేతులు వీడియో తీసుకుపోను వాళ్ల ఇంజనీరు దిగినాడు. మా గొంతు కొయ్యను మా చేతనే కత్తి నూరిస్తారంట!

మొదట మంగమ్మను కూర్చోబెట్టినారు. వి.కోట నుంచి బస్సులో వస్తాది, లైన్లో అందరికన్నా చురుకు. కిటుకు మాకందరికీ తెలుసు. రింగును మేం పనిలో పెట్టుకునే టోపీ అంచు కింద, నూనె పెట్టిన తలకు ఒక్కసారి తాకిస్తే సర్రున జారి కూర్చుంటాది. కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో ఆ ముక్క లేదు.

కెమెరా ముందర మంగమ్మ చెయ్యి తలదాకా పోలేదు. రింగు చినిగింది. ఇంకోటీ చినిగింది.

సూపర్‌వైజర్ భానుప్రకాశ్ మొహం మాడింది. "యాలమ్మా, చేతులు పడిపోయినాయా? తలకు తాకిస్తావు గదా, సూపించు!"

"తల ముట్టుకుంటే మెమో ఇస్తానన్నది నువ్వే గదప్పా? రూలు తప్పమంటావా?"

ఇంజనీరుకు తెలుగు రాదు. ఇద్దరి మొహాలూ చూస్తాండాడు.

భానుప్రకాశ్ నా పక్క తిరిగినాడు. "గ్లోరీ, నువ్వు సూపించు. పుంగనూరులో మా బామ్మర్ది కంపెనీ ఉండాది. నీకు ఆడ పని ఇప్పిస్తా."

పుంగనూరు పక్కన మదనపల్లెలో మావాళ్లుండేది అద్దింట్లో, నేనీడ హాస్టల్లో. ఇంటికంతా నాదొక్క జీతమే. నా చెయ్యి టోపీ దాకా పోయింది. లైనంతా నా చేతినే చూస్తాంది. చెయ్యి దించేసి, ఉత్త రింగునే ఎక్కించినా. టప్పుమని తెగింది.

ఇంజనీరు ఇంగ్లీషులో ఏందని గద్దించినాడు. భానుప్రకాశ్ నోరు తెరిచినాడు.

"చెప్పప్పా," అనింది మంగమ్మ, గొంతు తగ్గించి. "మేం పోయినాక ఖాళీ కుర్చీలకు సూపర్‌వైజర్ కావాలా? జీతం వాళ్లిస్తారా, కుర్చీలిస్తాయా?"

ఆయన కెమెరా దిక్కు చూసినాడు, మా దిక్కు చూసినాడు.

"ఈ రబ్బరు బాగలేదు సార్," అన్నాడు ఇంగ్లీషులో. "సరుకు మార్చాల."

ఇంజనీరు రాసుకున్నాడు. కెమెరా మడిచినాడు. నెల తర్వాత మళ్లా వస్తాడంట. అంతవరకూ పని ఈడనే.

ఆయన కారు గేటు దాటినాక మంగమ్మ లేచి నిలబడింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"నెల రోజులుండాది. కిటుకులతో ఎన్నాళ్లు ఆపుతాం? ఆయితారం అందరూ మా ఇంటికి రావాల, యూనియన్ కట్టాల."

భానుప్రకాశ్ విన్నాడు. ఈ మాటకు మెమో రాయలేదు.