స్టేబుల్ అంటే

జిగురు ఆరుతోంది. వేళ్ళ మీద, గోళ్ళ సందుల్లో, చర్మాన్ని సన్నగా లాగుతూ.

అక్క చేతులు కడుక్కోలేదు.

ఐదు రోజులుగా ఆమె చెవిలో ఒక్కటే మాట — స్టేబుల్.

తమ్ముడు మేడలకు రంగులు వేసేవాడు. మూడో అంతస్తు దగ్గర, తాళ్ళకు వేలాడే పలక ఒరిగింది. పడ్డాడు. అప్పటినుంచీ ఆసుపత్రి అద్దం తలుపు తెరుచుకున్నప్పుడల్లా నర్సు ఆ ఒక్క మాటే చెబుతోంది.

మొదటి రోజు ఆ మాటకు చేతులు జోడించింది.

రెండో రోజు దాన్ని పదిలంగా ఇంటికి మోసుకెళ్ళి అమ్మకు చెప్పింది.

మూడో రోజు ఉండబట్టలేక అడిగింది. "అంటే బాగున్నట్టేనా సిస్టర్?"

"నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడమ్మా."

నిన్నటిలాగే... మొన్నటిలాగే...

ఇవాళ బైండింగు షాపులో, కుట్లు ఊడిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి ఆమె ముందుకొచ్చింది. కుట్టాల్సిన చేతులు పేజీలు తిప్పాయి.

దొరికింది.

విశేషణం. నిలకడైన. చెదరని. పడిపోని.

పడిపోని — అక్కడ ఆమె వేలు ఆగిపోయింది.

నిలకడైన ధరలు, నిలకడైన ప్రభుత్వం అని వాడుక. పుట్టుక లాటిన్. మూలానికి అర్థం — నిలబడటం.

నిలకడ కూడా నిలబడటంలోంచి వచ్చిందేగా. ఎక్కడో పుట్టిన ఆ మాటకీ, తన మాటకీ, రెంటికీ కాళ్ళున్నాయి.

పారని నీళ్ళను కూడా నిలవ నీళ్ళే అంటారు... ఆ తలపును తరిమేసింది.

ఓనరుకు చెప్పి బయటపడింది. నడిచింది. ఆపైన పరుగెత్తింది.

ఆసుపత్రిలో తమ్ముడికి తెలివొచ్చింది. మెడ చుట్టూ పట్టీ. చూపు పైకప్పుకే.

"ఏమంటున్నారక్కా?"

"స్టేబుల్ అంటున్నార్రా. నిలబడటంలోంచి పుట్టిన మాటట. పుస్తకంలో ఉంది, నేనే చూశా."

"అయితే నిలబడతానన్నమాట."

నవ్వాడు. ఐదు రోజుల తర్వాత.

డాక్టరు వచ్చి దుప్పటి తొలగించాడు. "అరికాళ్ళలో సూదితో గుచ్చుతాను బాబూ. తెలియగానే చెప్పు."

కుడికాలు.

ఎడమకాలు.

మళ్ళీ కుడికాలు, ఇంకాస్త లోతుగా. ఎర్రటి చుక్క పొడిచింది.

డాక్టరు ఆమె వైపు చూడలేదు.

తమ్ముడు పళ్ళు బిగబట్టి, నొప్పి కోసం కాచుకుని ఉన్నాడు.

"మొదలుపెట్టమనక్కా. నేను రెడీ."



"పెడతార్రా," అంది.

అతని పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. నొక్కింది. ఇంకా గట్టిగా, తన వేళ్ళే నొప్పెట్టేదాకా —

అతను పైకప్పునే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.