రుచి చూడని చెయ్యి

"పిండి కలుపుడు లేదు, ఒత్తుడు లేదు, కాల్చుడు లేదు. ఇంక నీకు పనేమున్నది చెప్పు?" అంటూ గిరీష్ రెండు టోర్టిల్లా ప్యాకెట్లు వంటగట్టు మీద పడేశాడు.

స్వప్నిక ఒక ప్యాకెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లగా, పల్చగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన మైదా రొట్టెలు. వాటిలో పండ్ల గుజ్జు పెట్టి, చాపలా చుట్టి, నెయ్యి రాసి ఒవెన్‌లో పెడితే విదేశీ మిఠాయి తయారవుతుందని గిరీష్‌కు ఆఫీసులో ఎవరో చెప్పారట. ఆదివారం అతని టీమంతా కనకమామిడి ఊళ్లో ఉన్న తమ తోటకు భోజనానికి వస్తున్నారు. వాళ్లతో పాటు మేనేజర్ సాయి ప్రియ కూడా. ఆవిడ ముందు లడ్డూలు, అరిసెలు పెడితే చేవెళ్ల కోమటోళ్ల ఇల్లని నవ్వుకుంటారని అతని బెంగ. చేవెళ్లలో కోమటోళ్ల ఇల్లే కదా మరి, అందామనుకుని ఊరుకుంది స్వప్నిక.

"ఉత్త ఈజీ" అని మరోసారి హామీ ఇచ్చి అతను స్నానానికి వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో ఈజీ పనులన్నీ స్వప్నికవే. జర చాయ్ పెట్టుడే కదా. బట్టలు మిషన్‌ల ఏసుడే కదా. నలుగురికి ఇంత అన్నం వండుడే కదా. ఇన్ని తేలిక పనులు చేసిన మనిషికి పడుకునే వేళకు నడుము ఎందుకు విరిగిపోతుందో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఆఖరికి ఉద్యోగం మానడం కూడా ఈజీ పనే అయింది. కరోనా వచ్చిన ఏడాది నుంచి ఆమె మేడ మీది గదిలోంచే పని చేస్తోంది. గచ్చిబౌలిలో ఆఫీసు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. ఇప్పుడు ఆఫీసు మళ్లీ పిలుస్తోంది, వారానికి మూడు రోజులు రమ్మంటోంది, వస్తే టీమ్ లీడ్ చేస్తామంటోంది. ఏ సంగతో సోమవారంలోగా చెప్పాలి.

"ఇద్దరం పొద్దుగాల్నే పోతే అమ్మకెవరుంటరు? బాపు దుకాణంకెల్లి వచ్చేసరికి అన్నం ఉండొద్దా?" అన్నాడు గిరీష్. అని ఊరుకోలేదు. రాజీనామా మెయిల్ ఇంగ్లిష్‌లో చక్కగా రాసి ఆమె ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. "అంత నేనే టైప్ చేసిన. నువ్వు ఉత్తగ సెండ్ నొక్కుడే."

ఆ నోటితోనే సాయి ప్రియను పొగుడుతాడు. "ఇద్దరు పిల్లలు, ఇంట్ల అత్తమామలు, అయినా ఆఫీసుల ఆమె పులి తెలుసా! ఎట్ల మేనేజ్ చేస్తదో!" పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. అదే కూర తన ఇంట్లో ఉడుకుతుంటే మాత్రం మూత పెట్టేస్తారు.

ఆదివారం పొద్దున ఒవెన్‌ను కారులో ఎక్కించుకుని తోటకు బయల్దేరారు. పెళ్లిరోజుకు గిరీష్ ఆమెకిచ్చిన కానుక ఆ ఒవెన్. మామగారు రామేశ్వర్ దుకాణం వదిలి రాలేదు. అత్తగారు కన్యకాపరమేశ్వరి వెనక సీట్లో ఒళ్లో దేవుడి పటం పెట్టుకుని కూర్చుంది. తోట ఇంట్లో కూడా మొదటి ముద్ద దేవుడికే. అక్కడికి చేరాక టోర్టిల్లాలు చూసి ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"ఎవరో ఏ చేతుల్తోనో కాల్చిన రొట్టెలు. దేవుని ముంగట ఎట్ల పెడతమే?"

"నెయ్యి రాసి మల్ల కాలుస్త అత్తమ్మా."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "నెయ్యి తగిలితె దోషం పోతదిలే. జర ఎక్కువ రాయి" అని తీర్పు చెప్పి, పూజకు పూలు కోయడానికి బయటికి వెళ్లింది. అతిథులకు దారి చూపాలని గిరీష్ కారు తీసుకుని మొయినాబాద్ చౌరస్తాకు పోయాడు. తోట ఇంట్లో స్వప్నిక ఒక్కతే మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో వండే మనిషి రుచి చూడకూడదు. దేవుడికి పెట్టకముందు చిటికెడు నోట్లో వేసుకున్నా గిన్నెడు వంటా ఎంగిలే. దేవుడి తర్వాత మామగారు, ఆయన తర్వాత గిరీష్, వాళ్ల విస్తళ్లు ఎత్తాక ఆడవాళ్లు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పప్పుచారు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకబోతే, అత్తగారు చప్పున చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మగారింట్ల నడుస్తదేమో, మా ఇంట్ల నడవదు" అంది. నెమ్మదిగానే అంది, కానీ ఆ పట్టు ఇప్పటికీ మణికట్టుకు గుర్తుంది. అప్పటినుంచి స్వప్నిక ముక్కుతో వండడం నేర్చుకుంది. ఉప్పు తగ్గిన పులుసు వాసన వేరు, ఎక్కువైన పులుసు వాసన వేరు. చుట్టాలొచ్చి తిని, "కోడలి చెయ్యి తరాజే" అని మెచ్చుకునేవాళ్లు. త్రాసుకు బరువు తెలుస్తుంది గానీ బెల్లం తీపి తెలియదని వాళ్లకెవరు చెప్పాలి?

సీతాఫలాల కాలం. చేవెళ్ల మార్కెట్లో కొన్నవి చెక్కుచెదరకుండా పండాయి. గింజలు తీసి, గుజ్జు కోవాతో కలిపి, రొట్టెల్లో పరిచి చుట్టింది. పైన నెయ్యి రాసి, చక్కెర చల్లి, ఒవెన్‌లోకి తోసి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. లోపల పసుపు దీపం వెలిగింది.

ఆ దీపం వంక చూస్తూ ఉంటే ఆమె మెల్లగా ఇంకెక్కడికో పోయింది. అలా పోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. పేరుకు తగ్గట్టే కలల్లో బతుకుతావని తల్లి మురిపెంగా తిట్టేది. ఇప్పుడు చేవెళ్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి. పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. మొయినాబాద్ దాటాక చెరువు నీళ్ల మీంచి వచ్చిన గాలి చెవి దగ్గర వెంట్రుకలను లేపింది. ఎవరూ ఏమీ అడగడం లేదు. చాయ్ అడగడం లేదు, తువ్వాలు అడగడం లేదు. తర్వాత అద్దాల మేడలు ఒక్కొక్కటే లేచాయి, వాటి నిండా మబ్బులు. లిఫ్టు పైకి పోతుంటే కడుపులో చిన్నగా తేలినట్టయింది. పెళ్లికి ముందు అలాంటి లిఫ్టులోనే రోజూ ఎక్కేది. పదకొండు కాగానే క్యాంటీన్‌కు పరుగు. పొగలు కక్కే ఇడ్లీ, వేలు కాలేంత వేడి. నోరు కాలితే ఊదుకుంటూ తినేది. ఆకలైంది కాబట్టి తినేది, అంతే. ఆకలైనప్పుడు తినడం అంత పెద్ద సుఖమని అప్పుడు తెలియదు. ఆమెకు మళ్లీ పోవాలని ఉంది. ఎంతగా ఉందంటే, కళ్లు తెరిస్తే ఆ కోరిక ఎక్కడ ఒలికిపోతుందోనని భయమేసింది.

ఒవెన్ గంట కొట్టింది. ఇల్లంతా నెయ్యి, కాలిన చక్కెర, పండిన సీతాఫలం వాసన. ముక్కు భేష్ అంది. రొట్టెల అంచులు లేత బంగారు రంగు తిరిగాయి. ట్రే బయట పెడుతుండగా ఫోన్ మోగింది.

"ఇంకో గంటలో వస్తరు. స్వీట్ అయ్యిందా?" గిరీష్.

"అయ్యింది."

"ఆ మెయిల్ కొట్టినవా?"

"ఇంకా లేదు."

"ఏందే, ఒక్క బటన్ నొక్కుడు గూడ నేనే చెయ్యాల్నా? సరే, రాత్రి నేనే కొడతలే. పాస్‌వర్డ్ తెలుసు కదా."

ఫోన్ పెట్టేశాడు. అతని గొంతులో కోపం లేదు. బజారు నుంచి కొత్తిమీర తేవడం మరిచిపోతే తనే తెస్తానన్నంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనం ఆమె చెవిలో ఉండిపోయింది. ఏం చేస్తున్నదీ తెలియకుండానే ఒక చుట్ట చివర తుంచి నోట్లో పెట్టుకుంది.

చేదు.

నాలుక వెనక్కి పోయేంత చేదు. వేపాకు నమిలినట్టు. పొరపాటేమోనని ఇంకో చుట్ట తుంచింది. అదీ చేదే. సీతాఫలం గుజ్జు మంట తగిలితే చేదెక్కుతుందని ఆమెకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ పండును ఎప్పుడూ వండకుండానే తిన్నారు. వాసన మాత్రం ఇప్పటికీ తియ్యగానే వస్తోంది.

స్వప్నిక గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది. ఇంత నమ్మిన ముక్కు అబద్ధం చెప్పింది. మరి ఇన్నేళ్లూ తను వండినవి చల్లారకముందు ఎలా ఉన్నాయి? "బాగుంది" అని వాళ్లంటే బాగుందనుకుంది. "ఇల్లు చూసుకుంటే నీకే సుఖం" అని వాళ్లంటే సుఖమేననుకుంది. ఆ సుఖాన్ని ఎప్పుడైనా నాలుక మీద పెట్టుకుని చూసిందా? దూరం నుంచి మంచి వాసన వస్తోంది కదా అని తల ఊపుతూ వచ్చింది. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ ట్రేను చెత్తబుట్టలో బోర్లించింది.

ఇంకో ప్యాకెట్ ఉంది. కిటికీ బయట జామచెట్టు ఉంది. పోయి దోరవీ పండినవీ కలిపి కోసుకొచ్చింది. ఈసారి ప్రతిదీ తిని చూసింది. జామముక్క తిన్నది, కొంచెం వగరు. బెల్లం వేసింది, తిన్నది. చాలలేదు, ఇంకొంచెం వేసింది. ఏలకులు, కాస్త నిమ్మరసం. బాణలిలో ముక్కలు మెత్తబడుతుంటే గరిటెడు తీసి, ఊదుకుని, తిన్నది. నోరు కాలింది. కాలిన నోటితో నవ్వొచ్చింది. జామ, బెల్లం ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో ఇప్పుడు నాలుకకు తెలుస్తోంది. నేనింత బాగా వండుతానా అని ఆశ్చర్యపోయింది.

"నోరు కదులుతున్నదేంది?"

గుమ్మంలో అత్తగారు. కొంగులో బంతిపూలు.

పాత భయం ఒక్క క్షణం మణికట్టు దాకా వచ్చింది. స్వప్నిక మింగేసింది. "రుచి చూస్తున్న అత్తమ్మా."

"దేవునికి పెట్టకముందే?"

"పెట్టకముందే. మొదటిది చూడకుంటె దేవునికి చేదు పెట్టేదాన్ని." ట్రేకు అంటుకుని మిగిలిన ఒక చుట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "వాసన చూడుర్రి."

ఆవిడ వాసన చూసింది. "మంచిగనే ఉన్నది గద?"

"ఇగ తిని చూడుర్రి."

కన్యకాపరమేశ్వరి పటం ఉన్న గది వైపు చూసింది, కోడలి వైపు చూసింది. కొసంత కొరికి, ముఖమంతా ముడుచుకుని, పక్కకు ఉమ్మేసింది. తర్వాత పూలు కింద పెట్టి, పీట మీద కూలబడి, బాణలి వైపు చూపించింది.

"గదెట్లున్నది?"

స్వప్నిక గిన్నెలో వేసిచ్చింది. ఆవిడ కొంగుతో గిన్నె పట్టుకుని, పొగ ఊదుకుంటూ, చిన్నపిల్లలా తిన్నది.

"పండుగ పండుగకు పూర్ణం పెట్టి బచ్చాలు చేస్తి" అంది మెల్లగా, గిన్నెలోకి చూస్తూ. "పెనం మీదికెల్లి తీసిన బచ్చం వేడివేడిగ ఎట్లుంటదో నాకెరుకలేదు పిల్లా. నా దగ్గరికొచ్చేసరికి చల్లారి తోలు లెక్క సాగేది." అంతలోనే ముఖం సర్దుకుంది. "దేవునికి నేను బెల్లంముక్క పెడత. ఇది పెట్టకు. మీ మామకు చెప్పకు."

స్వప్నిక నవ్వలేదు. ఆవిడ గిన్నె ఖాళీ అయిందని చూసి ఇంకో గరిటె వేసింది.

అతిథులు రెండు కార్లలో దిగారు. తోట చూశారు, ఫోటోలు దిగారు, వరండాలో బల్ల చుట్టూ కూర్చున్నారు. అన్నాలయ్యాక స్వప్నిక వేడి చుట్టలు తెచ్చి అందరికీ వడ్డించింది. ఒకటి తుంచి నోట్లో వేసుకున్న సాయి ప్రియ కళ్లు మూసుకుంది. నుదుటి మీద కొంచెం నెరిసిన జుట్టు, అలసిన ముఖం. గిరీష్ చెప్పిన పులి ఎక్కడా కనిపించలేదు.

"అబ్బ! ఎంత బాగుందండీ. వేడివేడిగా ఎవరో చేసిపెట్టి ఎన్నాళ్లయిందో" అని, "మీరూ కూర్చోండి. ఇంకా తినలేదుగా?" అంది.

"ఆమె తర్వాత తింటది మేడమ్" అన్నాడు గిరీష్.

స్వప్నిక వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. లోపల అత్తగారు గిన్నెలు సర్దుతూ చూస్తోంది. స్వప్నిక ప్లేటు తీసుకుని, రెండు చుట్టలు వేసుకుని వెనక్కి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. గిరీష్ కనుబొమలు లేచాయి.

"మీరేం చేస్తుంటారు?" అడిగింది సాయి ప్రియ.

"మొన్నటిదాక జాబ్ చేసింది మేడమ్" మళ్లీ అతనే అందుకున్నాడు. "ఇప్పుడు మానేస్తున్నది. ఆమెకే ఇష్టం లేదు. ఇల్లంటేనే ఇష్టం."

ఆ మాట గాలిలో హాయిగా, గుమగుమలాడుతూ తిరిగింది. అందరూ తలలూపారు. స్వప్నిక నోట్లోది నిదానంగా నమిలి మింగింది.

"లేదు మేడమ్. మానేస్తలేను. రేపు ఫోన్ చేసి వస్తున్ననని చెప్పి, ఎల్లుండి నుంచి ఆఫీసుకు పోతున్న. టీమ్ లీడ్ ఇచ్చిన్రు." ఎదురుగా ఉన్నవాళ్లకు చెప్తున్నా, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అది తనకు నచ్చింది.

"కంగ్రాట్స్!" అంది సాయి ప్రియ. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. గిరీష్ అందరితో పాటు నవ్వాడు గానీ ఆ నవ్వు చెంపల దగ్గరే ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిపి లేచి, ఆమె చెవి దగ్గర వంగాడు.

"స్వప్నికా, జర లోపలికి రా. మాట్లాడాలె."

పెళ్లయినప్పటి నుంచి ఆ పిలుపుకు చేతిలో ఏమున్నా వదిలేసి లేచిన మనిషి. ఈసారి ఆమె తలెత్తి అతని వైపు చూసింది. కోపంగా కాదు. ఇంకా పొగలొస్తున్న చుట్టను రెండుగా విరిచింది.

"తింటున్న" అంది. "తిన్నంక వస్త."